ముందే చెల్లించిన కృతజ్ఞత

ఆరాధన ముగిసి ఇంటికి వచ్చి గంట దాటింది. నేనింకా బూట్లు విప్పలేదు. కాంతమణి ఇంకా తలమీది కొంగు తీయలేదు.

బోయిగూడలో మా అద్దె ఇంటికి ఉన్నవే రెండు గదులు. ఒకదాంట్లో మేమిద్దరం నిలబడి ఉన్నాం. రెండో దాంట్లో ఆమె తమ్ముడు జ్ఞానశేఖర్ కూర్చుని, మా మాటలు తనకు వినపడటం లేదని మాకు తెలియడం కోసం పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నం వడ్డించనా?" అంది కాంతమణి.

"పాస్టరయ్యను అడుగు. ఇంట్ల సంగతులన్నీ ఆయనకే జెప్తున్నవు గద" అన్నాను.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె అన్న మాటల కన్నా అనకుండా మింగిన మాటలే నన్ను ఎక్కువ మండించాయి. గోడకు ఆనించి ఉన్న చాప తీసి పరిచింది. మళ్ళీ చుట్టి గోడకే ఆనించింది.

చర్చిలో కానుకలు పట్టిన తర్వాత పాస్టరయ్య చీటీలు చదవడం మా సంఘంలో ఆనవాయితీ. జ్వరం తగ్గిందని ఒకరు అర్ధ రూపాయి, కొడుక్కి నౌకరీ ఖాయమయిందని ఒకరు రూపాయి, ఇట్లా ఏదో ఒకటి ప్రతి ఆదివారం ఉంటుంది. ఆ ఉదయం నేను మగవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుని, కిటికీ రెక్కకు బందు వదులయిందే, ఎవరూ చూసుకోరేమని అనుకుంటున్నాను. నా పేరు వినపడింది. సొంత ఇల్లు కొనుక్కున్నందుకు జకర్యా, కాంతమణి దంపతులు చెల్లించిన కృతజ్ఞత కానుక, ఐదు రూపాయలు.

నలభై తలలు నావైపు తిరిగాయి. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఎందుకు? నేను కొనని ఇంటికి. బయానా తప్ప ఇంకేమీ ఇవ్వని ఇంటికి. ధర ఇంకా తెగని ఇంటికి.

ఆ ధర కోసం నేను పది రోజులు కొట్లాడాను. బోయిగూడలోనే ఉన్న ఆ ఇల్లు అమ్ముతున్న సదాశివ మొదట అన్నది మూడు వేల ఆరు వందలు, హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయల్లో. గురువారం నాడు సర్వేయరును తెచ్చి గొలుసుతో కొలిపించాను. కాగితం మీద నూట ఎనభై గజాలు, నేల మీద నూట అరవై రెండు. ఆ మిగతా పద్దెనిమిది గజాలు ఏమైనట్టని అడిగితే సదాశివ, వానలకు నేల ముడుచుకుంటుందన్నాడు. తూర్పు గదిలోకి పోయి ఉలి పిడితో దూలాన్ని తట్టి చూశాను. రైల్వే క్యారేజీ షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా వడ్రంగం చేస్తున్నవాణ్ణి. నాలుగో తరగతి దాటలేదు గానీ కట్టె లోపల ఏముందో చెప్పడానికి నాకు బడి అక్కర్లేదు. దూలం డొల్ల. చెదలు లోపలంతా తిని, పైన తోలు మిగిల్చాయి.

ఆ దూలాన్ని, ఆ గజాలను పట్టుకునే శనివారం సాయంత్రానికి సదాశివను మూడు వేల రెండు వందలకు దించాను. నేను మూడు వేలంటే మూడు వేలని దుకాణం మెట్టు దిగాను. వెనక్కి తిరగకుండా నడిచాను. అతను పిలవలేదు. కానీ పిలుస్తాడు. సోమవారం కచ్చితంగా పిలిచేవాడు. బేరంలో మెట్టు దిగినవాడిదే పైచెయ్యి, వాడు మళ్ళీ ఎక్కనంతసేపు.

సదాశివ ఇనుప సామాన్ల దుకాణం మా చర్చి సందు మొదట్లోనే ఉంది. మా సంఘంలో సగం మంది అతని దగ్గరే మొలలు, బకెట్లు, బిందెలు కొంటారు. ఆఖరి కీర్తన పాడటం అయ్యేలోపలే సంగతి అతనికి చేరిపోయింది. నేను బయటికి వచ్చేసరికి మెట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"ముబారక్ మేస్త్రీ. ఇగ మూడు వేల ఆరు వందలకు ఖాయం జేసుకుందాం."

నిన్న మూడు వేల రెండు వందలకు దిగిన మాట గుర్తు చేశాను.

"నిన్న నువ్వు కొంటవో కొనవో నాకు తెల్వదు" అన్నాడు సదాశివ. "ఇయ్యాల నీ దేవుని ముంగట కొన్నవు. దేవుని ముంగట ఒప్పుకున్నంక మల్ల బేరమేంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వింది అతని వాళ్ళు కాదు, మావాళ్ళే. నా పక్కన కూర్చుని పాట పాడినవాళ్ళే.

ఇంటికి వచ్చిన తర్వాత నేను గట్టిగా మాట్లాడాను. ఎంత గట్టిగా అంటే, ఇంటివారమ్మ శ్యామలమ్మ గోడ అవతల గిన్నెలు తోమడం ఆపింది. ఆ అయిదు రూపాయలు ఎక్కడివని అడిగాను. ఎవరిని అడిగి ఇచ్చావని అడిగాను. ఇంట్లో మగవాడు ఉన్నాడన్న సంగతి చీటీ రాసేటప్పుడు గుర్తుందా అని అడిగాను. ఇంకా అనరానివి కూడా కొన్ని అన్నాను.

కాంతమణి అంతా విన్నది. తర్వాత మెల్లగా మాట్లాడింది. ఆమెది గుంటూరు వైపు మాట. కోపం వచ్చినా "అండి" పోదు.

పద్దెనిమిదేళ్ళలో ఆరు ఇళ్ళు మారానంది. ఆరు పొయ్యిలు వేసుకున్నానంది. ఈ నెలాఖరుకు శ్యామలమ్మ కూతురు కాపురానికి వస్తుంది, మనం ఏడో ఇల్లు వెతుక్కోవాలంది. పోయిన సెప్టెంబరులో నిజాం మీదికి ఇండియా పటాలాలు వచ్చిన వారం, బండ్లు ఆగిపోయి నేను నాలుగు రోజులు కాజీపేటలో చిక్కుకున్నప్పుడు, బతికున్నానో లేదో తెలియక మొక్కుబడి చేసుకుందట. నేను తిరిగి వస్తే సొంత గడప లోపల ప్రార్థన కూడిక పెట్టిస్తానని.

"మీరు వచ్చారు. గడప ఇంకా రాలేదు" అంది.

"వచ్చినంక జెప్పాలె కృతజ్ఞత. రాకముందే ఎందుకు?"

"పుచ్చుకున్నాక ఎవరైనా చెప్తారండి. పుచ్చుకోకముందే చెప్తే అది విశ్వాసం. పోయిన వారం వాక్యం అదే."

"నీ విశ్వాసం ఖరీదు నాలుగు వందలు, కాంతం."

ఆమె ముఖం చూసి ఆ మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను. తీసుకోలేదు. తీసుకునేవాడినే, కానీ సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి జ్ఞానశేఖర్ గొంతు వచ్చింది.

"బావగారూ, నాలుగు వందల కోసం ఆదివారం పూట ఇంత అవసరమా? కాగితాలు బాగున్నాయి. కాగితాలు బాగున్న ఇల్లు ఈ రోజుల్లో దొరకడమే గొప్ప."

ఈ బేరం తెచ్చింది అతనే. మిషన్ బళ్ళో టీచరు. ఇంగ్లీషులో అర్జీలు రాస్తాడు, తెలుగు అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. సదాశివ ఇచ్చిన కాగితాలు మూడు రోజులు దగ్గర పెట్టుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పి నాతో బయానా కట్టించాడు. ఐదు వందలు. ఆ ఐదు వందలు పోగు కావడానికి మాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. మిగతాది రైల్వే సొసైటీ అప్పు.

నేను ఆ గది గుమ్మంలోకి పోయి నిలబడ్డాను.

"కాగితాలు ఉర్దూల ఉన్నయి గద, శేఖర్?"

"ఉర్దూలోనే."

"నీకు ఉర్దూ వస్తదా?"

మాట్లాడతానన్నాడు. టాంగావాళ్ళతో, కూరగాయల వాళ్ళతో రోజూ మాట్లాడేది ఉర్దూయేనన్నాడు. కాగితాల మీద ముద్రలన్నీ ఉన్నాయన్నాడు. స్టాంపు ఉందన్నాడు. తాను అన్నీ ఒకటికి రెండుసార్లు చూశానన్నాడు.

"చూసినవా, చదివినవా?"

పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. కాంతమణి నా వెనక వచ్చి నిలబడింది. అన్నం సంగతి ఇంక ఎవరూ ఎత్తలేదు.

*

సోమవారం సగం రోజు సెలవు పెట్టి కాగితాలు తీసుకుని వకీలు వీరయ్య దగ్గరికి పోయాను. బేగంపేట పోయే రోడ్డు మీద మంగలి దుకాణం పైన ఆయన గది. జ్ఞానశేఖర్ తానూ వస్తానన్నాడు. వద్దన్నాను. అయినా వచ్చాడు.

వీరయ్య కళ్ళద్దాలు పెట్టుకుని పాత కాగితం ముందు చదివాడు. అది రిజిస్ట్రీ అయిన దస్తావేజు. ఇల్లు ఎవరో ఒకాయన పేరు మీద ఉంది. ఆయన చనిపోయాడు. ఆయన భార్య హలీమా బీ. పిల్లలు లేరు. తర్వాత రెండో కాగితం తీశాడు. ఒక్క ఠావు స్టాంపు కాగితం, పోయిన అక్టోబరుది. హలీమా బీ ఆ ఇంటిని సదాశివకు అమ్మినట్టు, సొమ్ము ముట్టినట్టు అందులో రాసి ఉంది. కింద ఆమె వేలిముద్ర. రిజిస్ట్రీ కాలేదు.

సదాశివ అమ్ముతున్న ఇల్లు సదాశివది కాదు. ఆ సంగతి వకీలు సాబ్, పక్కింట్లో పిల్లి ఈనిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

పటాలాలు వచ్చినంక ఇట్లాంటి కాగితాలు తన దగ్గరికి వారానికి నాలుగు వస్తున్నాయన్నాడు. భయానికి అమ్మినవాళ్ళు కొందరు, సందు చూసి కొన్నవాళ్ళు కొందరు. ఎవరిని తప్పు పట్టగలమన్నాడు. నేనైతే పట్టగలననుకున్నాను, పైకి అనలేదు.

తర్వాత బయానా చీటీ తీశాడు. అది తెలుగులో ఉంది. నాలుగు వరుసలు చదివి ఆగాడు.

"ఇది ఎవరు రాసిన్రు? అక్షరాలు మంచిగున్నయి."

జ్ఞానశేఖర్ తాను రాశానన్నాడు. సదాశివ చెప్తుంటే రాశాడట. డిక్టేషన్ చెప్తే ఒక్క తప్పు లేకుండా రాశాడు మా టీచరు. ఆ నాలుగో వరుసలో ఏముందంటే, రిజిస్ట్రీకి కావలసిన సంతకాలు, వేలిముద్రలు అన్నీ చేయించుకునే పూచీ కొనేవాడిదే. వచ్చే శుక్రవారం లోపల రిజిస్ట్రీ కాకపోతే బయానా అమ్మేవాడిది.

నాకు చెవుల్లో షెడ్డు ఆవిరి మోత వినపడింది. తిరిగి బావమరిదిని చూశాను. అతను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాను.

"ఆ ముసలామె మౌలాలిల తమ్ముని ఇంట్ల ఉంటదంట, కాగితంల పతా ఉన్నది. శుక్రవారం రిజిస్ట్రీ ఆఫీసుకు తీస్కరా. సదాశివకు గాదు, సీదా నీ పేరు మీదనే అంగూఠా ఏయిద్దాం. ఇల్లు నీది. తేలేదనుకో, ఐదు వందలు వానియి."

"రానంటే?"

"ఎందుకు రాదు? అమ్మిన ఇల్లే గద. టాంగా పంపు. చీర పెట్టు. జెర ఇజ్జతుతో పిలువు. వస్తది."

బల్ల మీద రెండో కాగితం నా వైపు తిరిగి ఉంది. నాకు ఉర్దూ ఒక్క అక్షరం రాదు. కానీ షెడ్డులో రైలు పెట్టె అడుగు చెక్కలు వేసేటప్పుడు మధ్యలో ఇనప కమ్మీ ఏదైనా అడ్డం ఉంటే, దాని చుట్టూ చెక్కను కోసి తిప్పుతాం. కమ్మీ ముందు, చెక్క తర్వాత. ఎవరు చూసినా చెప్తారు. ఆ కాగితం మీద వరుసలు తిన్నగా వచ్చి, వేలిముద్ర దగ్గర ఇరుకై, కొంచెం పైకి వంగి, ముద్రను దాటి మళ్ళీ తిన్నగా పోయాయి.

"వకీలు సాబ్" అన్నాను, "రాత ఏలిముద్ర సుట్టు ఎందుకు తిరిగింది?"

వీరయ్య కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. ఆ గదిలోకి వచ్చిన తర్వాత ఆయన నన్ను సరిగ్గా చూడటం అదే మొదలు.

"నీకు ఉర్దూ చదవరాదు గద, మేస్త్రీ."

"రాదు."

"అయితే చదవకు."

ఫీజు రెండు రూపాయలు పుచ్చుకున్నాడు.

ఇంటికి పోయే దారంతా నేను బావమరిదిని తిడుతూనే ఉన్నాను. చదువుకున్న మూర్ఖుడన్నాను. అంతకన్నా పెద్ద మాటలన్నాను. అతను తల వంచుకుని నడిచాడు. ఇంట్లో కాంతమణికి శుక్రవారం సంగతి, ఐదు వందల సంగతి చెప్పాను. పాత ఇంటావిడ వేలిముద్ర కావాలని చెప్పాను. అమ్మినావిడే గదా, వేస్తుందిలే అంది, తనకు తాను ధైర్యం చెప్పుకున్నట్టు.

రాత ముద్ర చుట్టూ తిరిగిన సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఇంకెవరినో తిట్టాను.

*

బుధవారం మౌలాలికి బండి ఎక్కాం. కాంతమణి ఒళ్ళో పేపర్లో చుట్టిన చీర ఉంది. నేత చీర, ఆకుపచ్చది. ఆమె తమ్ముడు పోయిన క్రిస్మసుకు ఆమెకు పెట్టింది, కట్టకుండా దాచుకున్నది. ఆదివారం నుంచి మా మధ్య నడిచినవి "ఉప్పు", "నీళ్ళు", "తాళం" లాంటి మాటలే. బండిలో అవి కూడా లేవు.

గుట్ట కింద, రైల్వే కాలనీ దాటిన తర్వాత ఉంది ఆ ఇల్లు. చిన్న ఇల్లు. గుమ్మం ముందు గోనెపట్టా పరుచుకుని ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. పక్కన ఇంకా బుట్టెడు చింతపండు. కూలికి తీస్తున్నదని చూడగానే తెలుస్తోంది. వేళ్ళు నల్లగా అయిపోయాయి. కుడి బొటనవేలు కూడా.

నేను సలాం చేసి, బోయిగూడ ఇంటి గురించి వచ్చామన్నాను.

ఆమె చేతిలోని రాయి కింద పెట్టింది.

"సదాశివ సేటు పంపిండా?"

అవునన్నాను. పూర్తిగా అబద్ధం కాదది, అతను రాయించిన చీటీయే మమ్మల్ని పంపింది.

"అల్లా ఆయనకు మేలు చెయ్యాలె" అంది హలీమా బీ. "ఆఖరికి దొర్కిన్రా కిరాయిదార్లు. తొమ్మిది నెలల సంది కబురు మీద కబురు. ఎవ్వరు దొర్కుతలేరు బీబీ, ఇల్లు బందే ఉన్నది బీబీ. నాకు రోజూ అదే పరేషాన్. ఇల్లు బంద్ ఉంటే పాడయితది."

కాంతమణి నా వైపు చూసింది. నేను చింతపండు బుట్ట వైపు చూశాను.

ఆమె లేచి, మాకు కూర్చోవడానికి ఇంకో గోనెపట్టా తెచ్చి వేసింది. కూర్చున్నాం. తర్వాత తనంతట తానే చెప్పుకుపోయింది. అక్టోబరులో సందంతా ఖాళీ అవుతుంటే తమ్ముడు వచ్చి పద పదమన్నాడట. ఇల్లు ఎవరైనా దూరి పట్టుకుంటారని ఆమెకు భయం. సదాశివ సేటు మొగుడు బతికున్నప్పటి నుంచి ఎరిగినవాడు. నేను తాళం వేసి కాపాడతాను, మంచి కిరాయిదారును చూసి పెడతాను, ముందుగా ఇది ఉంచుకొమ్మని చేతిలో డబ్బు పెట్టాడట. ఆ డబ్బు మొదటి కిరాయిల్లో పట్టుకుంటానన్నాడట.

"కాగితం మీద అంగూఠా ఏసిన" అంది. "రాత ఏది సేట్ అన్న. తర్వాత తీరుబడిగ రాసుకుంట బీబీ, ఇప్పుడు బండి ఎక్కు అన్నడు. మంచోడు. ఆ వక్తుల నాలుగు వందలు ఎవరిస్తరు?"

నాలుగు వందలు.

కాంతమణి తలెత్తి నన్ను చూసింది. ఆదివారం నేనన్న మాట ఆమె మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. ఆ చూపులో తిట్టు ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి. ఆమె అడిగింది ఒక్కటే. నీకు ముందే తెలుసునా? నోటితో అడగలేదు. నేను తల తిప్పుకున్నాను. దానితో ఆమెకు జవాబు వచ్చేసింది.

"మీకు ఒకటి చెప్పాలె" అంది హలీమా బీ, గొంతు తగ్గించి, నేరం ఒప్పుకుంటున్నట్టు. "సేటు చెప్పిండో లేదో. తూరుపు అర్రల దూలం మంచిది గాదు. పైకి ఏం తెల్వదు. లోపల చెద తిన్నది. అండ్ల పండుకోకున్రి. అది బాగు చేయించేదాంక కిరాయిల రెండు రూపాయలు తక్కువ ఇయ్యున్రి. నేనే చెప్పిన్నని సేటుకు చెప్పున్రి."

ఆ దూలాన్ని పట్టుకుని నేను పది రోజులు బేరమాడాను. సర్వేయరును తెచ్చి, ఉలి పిడితో తట్టి, దుకాణం మెట్టు మీద అరిచి, అదొక గొప్ప తెలివనుకున్నాను. ఆమె అడగకుండానే చెప్పింది.

అప్పుడు నేను చెప్పాల్సింది. అమ్మా, నీ ఇల్లు నీది కాకుండా పోయింది, ఆ కాగితం అమ్మకం కాగితం, మేము కిరాయికి వచ్చినవాళ్ళం కాదు, నీ వేలు కోసం వచ్చినవాళ్ళం అని. వారం రోజులుగా సంఘాన్ని, సదాశివను, వకీలును, బావమరిదిని, పెళ్ళాన్ని అందరినీ తిట్టిన నోరు ఇది. ఒక్క మాట రాలేదు. ఐదు వందలు అడ్డం వచ్చాయి.

హలీమా బీ లోపలికి పోయి ఒక తాళంచెవి తెచ్చింది. పెద్దది, పాతకాలం నాటిది, పిడికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది.

"ఇది ఎనక అర్రది. సేటుకు సుత ఇయ్యలే. మా ఆయన సామాన్ ఉన్నదండ్ల. మీరు మంచోళ్ళ తీరు కనబడుతున్నరు." తాళంచెవిని కాంతమణి వైపు చాచింది. ఇవ్వబోయి, ఒక్క క్షణం ఆపింది. "కిరాయికే గద, బేటీ?"

గుట్ట మీంచి గాలి వస్తోంది. పట్టా మీద చింతగింజలు దొర్లుతున్నాయి. నేను కాంతమణి చెయ్యి చూస్తున్నాను.

"అవునమ్మా" అంది కాంతమణి. "కిరాయికే."

తాళంచెవి తీసుకుంది. ఒళ్ళోని పొట్లం విప్పి, చీర ఆ నల్లటి చేతుల్లో పెట్టింది.

"ఇదేందీ?"

"ఇంట్లో చేరే ముందు ఇంటావిడకు పెట్టుకోవాలి కదండీ. మా వైపు అలవాటు" అంది. అట్లాంటి అలవాటు వాళ్ళ వైపు లేదు. పద్దెనిమిదేళ్ళుగా నాకు తెలుసు. గొంతు వణకలేదు, కన్ను తడవలేదు. "శుక్రవారం వస్తారా అమ్మా? పొద్దున్నే మేమే టాంగా తెస్తాం."

"శుక్రవారమా?" ముసలామె ముఖం వెలిగింది. "వస్త. నమాజు యాళకు ఇంటికి తెచ్చి దింపుదురు గని. ఇల్లు చూసి తొమ్మిది నెలలాయె. నీ చేతి చాయ తాగొస్త."

గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. చీరను గుండెలకు అదుముకుని, మేము మలుపు తిరిగేదాకా నిలబడింది.

స్టేషనులో బండికి ఇంకా అరగంట ఉంది. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత చోటు ఉంది.

"తెలుసు మీకు" అంది.

"వకీలు దగ్గర చూసిన. రాత ఏలిముద్ర సుట్టు తిరిగి ఉన్నది."

"సోమవారం నుంచీ తెలుసు."

"నీకు తెలిస్తే ఏం జేసేదానివి? ఐదు రూపాయల కృతజ్ఞత వాపసు అడిగేదానివా?"

మాట జారిన తర్వాత ఆమె కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె కొంగు చివర తీసి, ఎర్ర గుడ్డ కట్టిన ఆ తాళంచెవిని అందులో పెట్టి, ముడి వేసింది. ఒక ముడి. దాని మీద ఇంకొకటి.

"ఆమెకు ఏం జెప్పినవు నువ్వు?" అన్నాను. "కిరాయికని ఎందుకు జెప్పినవు? ఆమె వేలు కోసం అబద్ధం జెప్పినవా? లేకపోతే..."

ముగించలేకపోయాను. "లేకపోతే" తర్వాత ఉన్నది నా నోట్లోంచి పలికితే ఐదు వందలు పోయినట్టే, ఏడో ఇల్లు వెతుక్కోవాల్సిందే.

బండి వచ్చే వేళయింది. పట్టాల మీద మనుషులు పక్కకు జరుగుతున్నారు.

"శుక్రవారానికి టాంగా మాట్లాడండి" అంది కాంతమణి.

"ఎక్కడికని మాట్లాడాలె? రిజిస్ట్రీ ఆఫీసుకా, ఇంటికా?"

బండి వచ్చి ఆగింది. ఆమె లేచి నిలబడింది. రిజిస్ట్రీకి అంటుందని ఎదురుచూశాను. అనాలని కోరుకున్నాను. కోరుకుంటున్నానని అప్పుడే నాకు తెలిసింది. ఆమె కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని, నా వైపు చూడకుండా ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది.